గేదె ఉంటేనే మిర్చి

సరస్వతి ఉన్న ఇంట లక్ష్మి నిలవదట. నరసరావుపేటలో ఏ ఇంటి పిల్ల బొమ్మలు వేసి బతుకుతానన్నా, ఏ ఇంటి కోడలు మగ్గం వర్క్ మొదలుపెడతానన్నా పెద్దల నోట ముందుగా వచ్చే మాట ఇదే. కొందరైతే జాతకం పట్టుకుపోయి, కళాయోగం ఉందో లేదో అడిగి మరీ వస్తారు. వింటే ఒళ్లు మండుతుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. పని మధ్యలో వదిలి లేస్తే చెడిపోతుందా? డబ్బు ఎప్పుడెప్పుడు చేతికొస్తుంది? రాని నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుంది? వీటికి ఏ జాతక చక్రంలోనూ జవాబు దొరకదు.

పల్నాటి రైతుకు ఈ లెక్క ఒకరు చెప్పక్కర్లేదు. మిర్చి వేసినవాడు కొట్టంలో ఒక గేదెను కూడా కట్టేస్తాడు. మిర్చి డబ్బు కనబడేది టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుంటూరు యార్డుకు చేరాకే. పాల డబ్బు మాత్రం పది పదిహేను రోజులకోసారి వచ్చి ఉప్పూ పప్పూ చూసుకుంటుంది. యార్డులో ధర పడిపోతే, పాడి ఉన్నవాడు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగగలడు. లేనివాడు వచ్చిన ధరకు తెగనమ్ముకుంటాడు. కళాకారుడికీ అంతే. నెలనెలా ఎంతో కొంత వచ్చే దారి ఉంటేనే తక్కువ ధరకు అడిగినవాడికి కుదరదని చెప్పగలడు. అయితే గేదెను రెండు పూటలా పితకాలి, పెళ్లికి పోయినా సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఒక గేదె మిర్చికి తోడు. అయిదు గేదెలైతే మిర్చి చేను వైపు తొంగిచూసే తీరికే ఉండదు. పైగా ఏదో ఒకరోజు అదీ వట్టిపోతుంది.

మన వినుకొండలో 1895లో పుట్టిన కవి గుర్రం జాషువా జీవితం చూడండి. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. పెళ్లయి కుటుంబం ఏర్పడ్డాక ఆ ఉద్యోగమూ పోయింది. రాజమండ్రి వెళ్లి మూకీ సినిమాలకు వాచకుడయ్యాడు, అంటే తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన కథా సంభాషణలూ చదివే పని. తర్వాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు, 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా, రెండో ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకుడిగా, 1957లో మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశాడు. కులం పేరిట అడుగడుగునా అవమానాలు పడుతూనే ఇవన్నీ చేశాడు. 1932లో ‘ఫిరదౌసి’, 1941లో ‘గబ్బిలం’ కావ్యాలు వచ్చాయి. రెండూ బడి ఉద్యోగంలో ఉండగా వచ్చినవే. కూతురు హేమలత పుట్టింది కూడా 1932లోనే.

‘ఫిరదౌసి’ కథ ఏమిటి? బంగారు నాణేలిస్తానని రాజు మాటిచ్చాడు, ఏళ్ల తరబడి రాసిన కావ్యానికి చివరకు వెండి పంపాడు. ఒకే ఒక్క పెద్ద చెల్లింపును నమ్ముకున్న కవి గతి అది. ఆ కథను నెల జీతం మీద బతికే బడిపంతులు ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. మరొకటి కూడా ఉంది. పద్యం నాలుగు పాదాల్లో ముగుస్తుంది. నడుస్తూ కట్టుకోవచ్చు, తలలో దాచుకోవచ్చు, ఇంటికొచ్చి కాగితం మీద పెట్టుకోవచ్చు. ఉద్యోగం, సంసారం ఉన్నవాడికి అంతకంటే అనువైన కొలత దొరకదు.

ఈనాటి మగ్గం వర్కులోనూ ఆ కొలతే కీలకం. జాకెట్ గుడ్డను చట్రానికి బిగించి, సూదితో బెజ్జాలు పొడిచిన ట్రేసింగ్ కాగితాన్ని దాని మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి రుద్దితే ముగ్గులా డిజైన్ దిగుతుంది. ఇక ఆరి సూది పని. గుడ్డ కింద ఒక చెయ్యి దారం అందిస్తుంటే, పైనున్న కొక్కెం సూది దాన్ని ఉచ్చులా పైకి లాగుతుంది. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, దాన్లోంచి మరొకటి. ఇలా గొలుసు సాగుతుంది. గొలుసులో ప్రతి ఉచ్చునూ పట్టి ఉంచేది దాని తర్వాతి ఉచ్చే. చివరిదాన్ని పట్టుకునేది ఏదీ లేదు. అందుకే కుక్కర్ కూత వినబడగానే సూది పడేసి లేస్తే, చంటివాడు ఆ దారం కొస పట్టి లాగితే, పొద్దుటి నుంచి కుట్టిన తీగంతా సర్రున ఊడొస్తుంది. ముడి వేసి లేస్తే ఏమీ కాదు, వారం తర్వాత వచ్చి కూర్చున్నా అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ముడికి పట్టే కాలం క్షణాలే. ఇంటిపట్టున చేసే పనిని ఎంచుకునేటప్పుడు, దాన్లో ఇలాంటి ముడి ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవాలి.

మాచర్ల దగ్గరి దుర్గి శిల్పులదీ ఆగగల పనే. ఉలి పక్కన పెట్టి భోజనానికి లేస్తే రాయికేమీ కాదు. కానీ రాతిపొడి ఊపిరితిత్తులకు చేటు, పసివాళ్లున్న గదిలో చెక్కకూడదు. దుర్గి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఇక జీతం వస్తుందనుకునేవాళ్లూ ఉన్నారు. అది పేరును కాపాడుతుందే గానీ పైసా ఇవ్వదు. నాటకం వేరే దారి. రిహార్సల్‌కు ఒక్కరు రాకపోయినా పని ఆగుతుంది. అందుకే 1885లో కడప సీమలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు ఇల్లూ నాటకమూ ఒకటే చేసేశారు. కుటుంబాలకు కుటుంబాలే తెర వెనకా ముందూ బతికాయి.

ఇక డబ్బు సంగతి. మగ్గం వర్కు, పెళ్లి ఫొటోలు, మండపం అలంకరణ అన్నీ ముహూర్తాల మీదే నడుస్తాయి. మూఢం వస్తే ఆర్డర్లు సున్నా. మూఢమంటే ఏమిటి? గురుడో శుక్రుడో ఆకాశంలో సూర్యుడి దాపున పడి, ఆ వెలుగులో మన కంటికి కనబడకపోవడం. అంతకు మించి ఏమీ లేదు. శుక్రుడు సూర్యుడికి అవతలి పక్క ఉన్నప్పుడు, మనకు కనబడే తీరులో ఇద్దరూ ఒకే దిక్కుగా జరుగుతుంటారు, కాబట్టి విడివడడానికి రెండు నెలల దాకా పడుతుంది. ఇవతలి పక్కకొస్తే ఎదురెదురుగా సాగుతారు, వారం పదిరోజుల్లో తేలిపోతాడు. ఎంత అందమైన లెక్క! దీనికీ పెళ్లికీ సంబంధం అంటగట్టి ఇన్ని ఇళ్లకు పని లేకుండా చెయ్యడం అన్యాయం. కానీ జనం మారేదాకా ఇల్లు గడవాలి కదా. గ్రహాల నడక ముందే లెక్కకు అందుతుంది కాబట్టి ఆ తేదీలు ఉగాది నాటికే పంచాంగంలో అచ్చయి ఉంటాయి. ఫలితాలు వదిలేసి ఆ తేదీలు మాత్రం రాసుకోండి. ఆషాఢాన్నీ కలుపుకోండి. ఆ నెలలకు బడి పిల్లలకు బొమ్మల క్లాసో, మామూలు జాకెట్ల కుట్టుపనో సిద్ధం చేసుకోవాలి. శ్రావణం ఆర్డర్లు ఒప్పుకునేటప్పుడు పూసలకు, జరీకి అయ్యే ఖర్చు ముందే చేతిలో పెట్టమని అడగాలి, బంధువులైనా సరే.