నాయన చెంప మీది మచ్చ

మా నాయనది ఒక్కటే ఫోటో ఉన్నది, షోలాపూర్‌లో మిల్లు పాసు మీద అతికించింది. అమ్మతో కలిసి దిగింది లేనే లేదు. అందుకే రిటైరైనంక మనవరాలి దగ్గర కంప్యూటర్‌లో ఫోటోలు కలిపే పని నేర్చుకుంటున్నా. జింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పైసా ఖర్చు లేదు. నాలుగో తరగతి చదివినోడిని, ఇంగ్లీషు మెనూ కష్టమే. బొమ్మ గుర్తులతో నెట్టుకొస్తున్నా.

అసలు కిటుకు లేయర్లలో ఉంది. ఒక ఫోటో మీద ఇంకో ఫోటో, దుప్పటి మీద దుప్పటి పరిచినట్టు. పైదానికి తెల్ల మాస్క్ వేసి నల్ల రంగు పూస్తే అంతమేర మాయమై కింది ఫోటో కనబడుతుంది. తప్పు పోతే మళ్ళీ తెల్ల రంగు పూస్తే చాలు, పోయింది తిరిగొస్తుంది. సాంచ మీద పడుగు తెగితే ఇంత సులువా!

నాయన పక్కన అమ్మను పెట్టిన. వెనక సాంచ, దాని పడుగు దారాలు మబ్బుల్లోకి పోయినట్టు చేసిన. కానీ అతుకు తెలిసిపోతుంది. "తాతా, ముత్తాత మీద వెలుగు ఎడమ నుంచి, ముత్తవ్వ మీద కుడి నుంచి పడ్డది చూడు" అన్నది మనవరాలు. నాయన ఫోటోను అద్దంలో లెక్క తిప్పిన, కుదిరింది. ప్రింటు తీసి చూపిస్తే 86 ఏండ్ల అమ్మ, "ఈయన ఎవరు? మీ నాయనకు మచ్చ ఎడమ చెంప మీద గదా" అన్నది. చూపు ఆనదనుకున్నా!

తిప్పాల్సింది అమ్మను. మర్నాడు కిటికీకి ఇవతల కూచోబెట్టి మళ్ళీ ఫోటో తీసిన. నాయనది నలుపు తెలుపు కదా, అమ్మదీ రంగు తీసేసిన. దారాలకు మాత్రం ఎరుపు ఉంచిన.

కింద మూలకు 'కలిపి చేసిన బొమ్మ' అని రాసిన. అవసరమా అన్నడు తమ్ముడు. రేపు పిల్లలు నిజమనుకోవద్దు కదా.

అమ్మ ఆ రాతను బొటనవేలితో మూసి చాలాసేపు చూసింది.