హృదయారోగ్యము: నిత్యాచారములు, సకాలపరీక్షలు

మానవుని గుండె పిడికిలియంత కండరము. అది దినమునకు రమారమి 1,00,000 పర్యాయములు కొట్టుకొనుచు దేహమంతటికి రక్తమును పంపును. ఆ రక్తము నాళముల గోడలపై మోపు ఒత్తిడియే రక్తపోటు. అది మితిమీరి చిరకాలము నిలిచినచో నాళములు గట్టిపడును. గుండెపోటు, పక్షవాతము, మూత్రపిండవ్యాధి సంభవింపవచ్చును. ఇంతటి హాని చేయు ఈ రోగమునకు తరచుగా బాహ్యలక్షణ మేదియు నుండదు. తలనొప్పి లేదు గనుక రక్తపోటు లేదనుకొనుట పొరపాటు. కొలిచినగాని తెలియదు.

2004లో ప్రకటితమైన ఇంటర్‌హార్ట్ పరిశోధనము 52 దేశముల వారిని పరిశీలించి, తొలి గుండెపోటులలో అధికభాగమునకు తొమ్మిది కారణములను నిరూపించినది. పొగాకు, రక్తములోని చెడు కొవ్వు, రక్తపోటు, మధుమేహము, పొట్టచుట్టు కొవ్వు, మనోవేదన, పండ్లు కూరలు తక్కువగా తినుట, వ్యాయామలోపము అనునవి వానిలో ముఖ్యములు. వీనిలో పెక్కింటిని సవరించుకొనుట మన చేతిలోని పని. దక్షిణాసియా వారికి ఈ వ్యాధి ఇతరులకంటె కొన్నియేండ్లు ముందుగనే వచ్చుచున్నదనియు ఆ పరిశోధనము తెలిపినది.

హోసూరున నున్నను, షోలాపురమున నున్నను, బరంపురమున నున్నను రాష్ట్రేతరాంధ్రుల యిండ్లలో భాషతోపాటు ఊరగాయ జాడియు నిలిచియున్నది. దానిని విడువ నక్కరలేదు. మితము తెలిసిన చాలును. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు దినమున కనుమతించు ఉప్పు 5 గ్రాములకు లోపు, అనగా చిన్న చెంచాడు. ఊరగాయ, అప్పడము, వడియము, ఊరమిరప, ఎండుచేప యివన్నియు ఉప్పుతో నిలువ యుండునవే. కూరలో వేసిన ఉప్పునకు ఇవి అదనమగును. పెరుగన్నములో మరల ఉప్పు కలుపుకొను అలవాటు మానిన నదియే మంచి ఆరంభము. కాచిన నూనెను పలుమారులు వాడరాదు. చుట్ట, బీడీ, నమలు పొగాకు పూర్తిగా విడువవలెను. వారమునకు ఐదుదినములు అరగంట చొప్పున చురుకుగా నడచుట మేలు.

ముప్పదియేండ్లు దాటినవారు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయించుకొనవచ్చును. కొలుచుటకు అరగంట ముందు కాఫీ, పొగాకు తగదు. ఐదు నిమిషములు వీపు ఆనించి కూర్చుండి, చేతిని గుండె యెత్తున నుంచవలెను. వేర్వేరు దినములలో 140/90 గాని, అంతకుమించి గాని వచ్చినచో వైద్యుని సంప్రదింపవలెను. మందుచే అంకె తగ్గినది గదా యని మందు మానుట ప్రమాదకరము. తగ్గించినది ఆ మందే. తమిళనాడున ఈ రోగుల యింటికే మందులు చేర్చు పథకము 2021 ఆగస్టులో, తెలుగువారు విస్తారముగ నున్న కృష్ణగిరి జిల్లాయందే ప్రారంభమైనది.

రాష్ట్రేతరాంధ్ర వృద్ధులకు మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, వైద్యశాలలో తమిళము, కన్నడము, మరాఠీ లేక ఒడియా. అవ్వ “ఆయాసము” అన్నది వైద్యుని చెవికి “అలసట”గా చేరినచో వ్యాధి మరుగుపడును. కావున ప్రతి యింట ఒక చిన్న పుస్తకము నుంచి, కొలిచిన తేది, రక్తపోటు, చక్కెర, వాడు మందు, మోతాదు వ్రాయవలెను. అంకెలకు భాషాభేదము లేదు. ఛాతీనొప్పి, ఆయాసము, గుండెదడ, చెమట అను మాటలకు స్థానికభాషలోని సమానార్థకములను బడికిపోవు మనుమలు అందే వ్రాసిపెట్టగలరు.

ఛాతీ నడుమ బిగింపు, అది ఎడమచేతికి, దవడకు, వీపునకు ప్రాకుట, చల్లని చెమట, ఆయాసము గుండెపోటు చిహ్నములు. స్త్రీలకును, మధుమేహులకును నొప్పి స్వల్పమై, నీరసము, వికారము మాత్రమే కనుపింపవచ్చును. “వాయువు” అని సోడా త్రాగించుచు కాలము గడపరాదు. రక్తమందని గుండెకండరము నిమిషనిమిషమునకు నశించుచుండును. వెంటనే 108కి తెలిపి వైద్యశాలకు చేర్పవలెను. ఆ చిన్న పుస్తకమును రోగితోపాటు కొనిపోవలెను.