కారవాన్ పర్యాటకం: తీర పట్టణాల నీటి లెక్క

ఈ భాగం చదివిన తరువాత మీరు కారవాన్ పర్యాటకాన్ని నిర్వచించగలుగుతారు. ఆతిథ్యమిచ్చే ఊరి నీటి వనరులపై అది మోపే భారాన్ని లెక్కగట్టగలుగుతారు. ఆ లెక్కను మీ ప్రాంతానికి అన్వయించగలుగుతారు.

1. నిర్వచనం

పడక, వంట వసతి, మరుగుదొడ్డి ఉన్న వాహనంలోనే బస చేస్తూ ఊళ్లు చూడటాన్ని కారవాన్ పర్యాటకం అంటారు. బసను వెంట తీసుకుపోవడం తెలుగువారికి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. పరివారంతో, గుడారాలతో సాగిన ఆ యాత్ర తిరుగుదారిలో పూరీ, శ్రీకాకుళం, సింహాచలం మీదుగా తూర్పు తీరం వెంబడి నడిచింది. ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీల వద్ద బావులు, చెరువులు, సరుకులు దొరికే వీలు నమోదయ్యాయి. గుడారం వెంట ఉన్నా, నీళ్లు మాత్రం దిగిన ఊరే ఇవ్వాలి. నేటి కారవాన్‌కూ ఇదే వర్తిస్తుంది.

2. దక్షిణ ఐరోపా అనుభవం

స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ, గ్రీసు, దక్షిణ ఫ్రాన్సు తీరాలకు వేసవి సెలవుల్లో కారవాన్లు పెద్ద సంఖ్యలో వస్తాయి. అక్కడ వానలు ఎక్కువగా చలికాలంలో పడతాయి; జూలై, ఆగస్టు నెలలు పొడిగా ఉంటాయి. అంటే నీరు తక్కువగా ఉన్నప్పుడే జనం ఎక్కువవుతారు. 2008 మే నెలలో బార్సిలోనా నగరానికి ఓడలలో మంచినీరు తెప్పించవలసివచ్చింది. దానికి కారణం పర్యాటకులు కాదు, కరువు. అయితే అలాంటి ఏడాదిలో అతిథుల వాడకాన్ని కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.

రెండో సమస్య స్థలం. పాత రేవు పట్టణాల సందులు మోటారు వాహనాలు పుట్టక ముందువి. వెనిస్‌లో వాహనాన్ని నగరం అంచునే వదిలి, నడిచో పడవలోనో లోపలికి వెళ్లాలి. అందుకే కారవాన్లకు ఊరి వెలుపల నిలుపు స్థలాలు ఉంటాయి. పోర్చుగల్ 2021లో తీర పరిరక్షణ ప్రాంతాల్లో, అనుమతి ఉన్న చోట తప్ప, వాహనంలో రాత్రి బసను నిషేధించింది.

3. ఒక లెక్క

ఒక కారవాన్ ట్యాంకులో 100 లీటర్లు పడతాయనీ, నలుగురి కుటుంబం వాటిని ఒక్క రోజులో వాడుతుందనీ అనుకుందాం. తలకు 25 లీటర్లు. గ్రామీణ కుటుంబాలకు జల్ జీవన్ మిషన్ నిర్ణయించిన ప్రమాణం తలకు 55 లీటర్లు. కాబట్టి కారవాన్ యాత్రికుణ్ణి నీటిని దుబారా చేసేవాడని అనలేం. కానీ 50 కారవాన్లు ఒకేచోట దిగితే రోజుకు 5,000 లీటర్లు, అంటే ఒక ట్యాంకరు నీళ్లు కావాలి. అంతకంటే ముఖ్యం, ఆ నీటిలో చాలా భాగం మురుగుగా తిరిగివస్తుంది. కుళాయి ఒక్కటే పెట్టి, మురుగుకు దారి చూపకపోతే అది చేరేది సముద్రానికో చెరువుకో.

4. మన ప్రాంతానికి అన్వయం

అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా గుంటూరు వైపు, అక్కడినుంచి తీరానికి వెళ్లే రహదారి బుక్కరాయసముద్రం మీదుగానే సాగుతుంది. విజయనగర రాజు బుక్కరాయల పేరు మోస్తున్న చెరువు ఇక్కడ ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో సముద్రమంటే చెరువే. ఆ చెరువు గట్టున కారవాన్ నిలుపు స్థలం పెట్టాలంటే మూడు ప్రశ్నలకు ముందే జవాబు ఉండాలి: నీరు ఏ బోరు నుంచి? మురుగు ఎక్కడికి? చెరువు ఎండిన ఏడాది ఎవరి వంతు ముందు? మూడోదానికి జవాబు 'ఊరివాళ్లది' అని నిబంధనల్లోనే రాసి ఉండాలి. అది లేకుండా ఎన్ని వసతులు కల్పించినా, ఆ ప్రణాళిక ఊరికి మేలు చేయదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. దక్షిణ ఐరోపా తీరంలో పర్యాటక కాలానికీ వర్షకాలానికీ గల సంబంధం ఏమిటి?
2. మీ ఊరి చెరువు వద్ద 20 కారవాన్లు మూడు రోజులు నిలిస్తే ఎంత నీరు కావాలి? మురుగును ఎలా తరలిస్తారు?