పాత డీజిల్ బండి కొంటారా? ముందు గేర్‌బాక్స్ చూడండి

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు పాత డీజిల్ బండి కొనాలని అడిగినారు. ఇంజన్ మోత అందరూ వింటారు, గేర్‌బాక్స్ సంగతి ఎవరూ అడగరు. గూళ్ళు వేసుకుని శిడ్లఘట్టకో రామనగరకో బయల్దేరినాక దారిలో గేరు పడకుంటే ఆ రోజు వేలం తప్పినట్టే. సంచుల్లో గూళ్ళు వేడెక్కితే లోపలి పురుగు చచ్చి గూడు మరకపడుతుంది, రేటు దిగుతుంది.

మేము చూసేది ఇట్లా. చల్లటి బండిని పది నిమిషాలు తోలితే చాలదు. మోత వినపడకుండా కొందరు చిక్కటి ఆయిల్ పోసి పెడతారు. అరగంట తోలండి, వేడికి ఆయిల్ పల్చబడితే అసలు సంగతి తెలుస్తుంది. మూడు నుంచి రెండో గేరుకు దించేటప్పుడు కర్రుమంటే సింక్రోనైజర్ రింగు అరిగినట్టు. దిగుడులో యాక్సిలరేటర్ వదలగానే గేరు తనంతట తానే న్యూట్రల్‌కు జారితే మాత్రం, ఎంత తక్కువకు ఇచ్చినా ఆ బండి వద్దు.

న్యూట్రల్‌లో నిలిపి వినండి. క్లచ్ తొక్కితే ఆగిపోయే మోత గేర్‌బాక్స్ బేరింగుది, తొక్కితేనే వచ్చే మోత క్లచ్ బేరింగుది. రెండోదాని సామాను చవకే గానీ దానికీ గేర్‌బాక్స్ దించాల్సిందే, కూలీ లెక్కేసుకోండి.

మెకానిక్ చేత ఆయిల్ డ్రెయిన్ బోల్టు విప్పించండి. బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలు అరుగుదలే. గోటికి తగిలే ఇనుప ముక్కలుంటే లోపల ఏదో విరిగింది.

గూళ్ళు అంత బరువుండవు, కానీ అదే బండిలో ఎరువు, ఆకు కూడా తోలుతాం కదా. అందుకే బరువేసి ఎక్కుడులో చూడండి. పై గేరులో ఇంజన్ మోత పెరిగినా బండి ముందుకు పోకుంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. అమ్మేవాడు బరువు వేయనీయకుంటే ఇంకో బండి చూసుకోండి.