సిగ్గు వీడితే చికిత్స సులభం
(పురీషనాళ క్యాన్సర్ చికిత్సలో నూతన పరిణామాలు)

తలనొప్పి వచ్చినా, మోకాలు పట్టేసినా షిఫ్టులోని మిత్రులందరితో చెప్పుకుంటాము. మలంలో రక్తం కనిపిస్తే మాత్రం ఇంట్లో భార్యకు కూడా చెప్పము. "వేడి చేసింది కాబోలు" అని రెండు రోజులు మజ్జిగ తాగి ఊరుకుంటాము. ధైర్యం చేసి ఎవరితోనైనా అంటే "మొలలై ఉంటాయి" అన్న సమాధానం వస్తుంది. చాలాసార్లు ఆ మాట నిజమే కావచ్చు. నిజం కాని సందర్భాలలోనే ప్రమాదం పొంచి ఉంటుంది.

పెద్దప్రేగులోను, దాని చివరి భాగమైన పురీషనాళంలోను వచ్చే క్యాన్సర్ ప్రపంచంలో అత్యధికంగా కనిపించే క్యాన్సర్లలో మూడవది. 2022వ సంవత్సరపు అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే 19 లక్షల మందికి పైగా దీని బారిన పడ్డారు. సుమారు 9 లక్షల మంది మరణించారు. మన దేశంలో ఇది పాశ్చాత్య దేశాలలో కంటే తక్కువే. కాని మన రోగులలో పిన్న వయస్కుల పాలు ఎక్కువ. వ్యాధి ముదిరిన తరువాత ఆసుపత్రికి వచ్చేవారూ ఎక్కువే.

ఈ ఆలస్యానికి సిగ్గు ఒక కారణమైతే, భయం మరొక కారణం. "మలద్వారం తీసివేస్తారు, జీవితాంతం పొట్టకు సంచి కట్టుకుని తిరగాలి" అన్న భయమే అనేకులను ఆసుపత్రి గడప తొక్కనీయదు. ఈ భయానికి ఒకప్పుడు గట్టి ఆధారమే ఉండేది. గడచిన నలభై ఏళ్లుగా ఆ ఆధారం క్రమంగా సడలుతూ వచ్చింది. ఆ కథను తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

మూటను మూటగానే తీయడం

1908లో లండన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ మైల్స్ ఒక కొత్త శస్త్రచికిత్సను వివరించాడు. అంతకుముందు కేవలం క్రింది నుండి కోసి గడ్డను తొలగించేవారు. అటువంటి రోగులలో దాదాపు అందరికీ వ్యాధి తిరగబెట్టడం గమనించి, ఆయన పొట్ట వైపు నుండి, మలద్వారం వైపు నుండి కూడా కోసి పురీషనాళాన్ని సమూలంగా తొలగించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ప్రాణాలు నిలిచాయి, కాని మల విసర్జనకు పొట్ట మీద శాశ్వత మార్గం అమర్చక తప్పలేదు. దశాబ్దాల తరబడి ఇదే ప్రామాణిక చికిత్సగా కొనసాగింది.

1982లో ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ అనే చిన్న పట్టణంలో పనిచేస్తున్న డాక్టర్ బిల్ హీల్డ్ ఒక సూక్ష్మమైన విషయాన్ని వెల్లడించాడు. పురీషనాళాన్ని చుట్టి కొవ్వుతో కూడిన ఒక తొడుగు ఉంటుంది. గడ్డ నుండి బయలుదేరిన క్యాన్సర్ కణాలు ముందుగా చేరేది ఆ తొడుగులోని గ్రంథులలోనే. అప్పటివరకు సర్జన్లు చేతితో తడుముతూ ప్రేగును విడదీసేవారు. తొడుగు చినిగి కొంత భాగం లోపలే మిగిలేది. వ్యాధి అక్కడి నుండే మళ్లీ మొలకెత్తేది. తొడుగు వెలుపల ప్రకృతి ఏర్పరచిన సన్నని పొర వెంట కంటితో చూస్తూ కోస్తే, మూట విప్పకుండా మూటను మూటగానే బయటకు తీయవచ్చునని హీల్డ్ నిరూపించాడు. మూత్ర విసర్జనను, దాంపత్య జీవితాన్ని నియంత్రించే నరాలు ఆ పొర ప్రక్కనే ఉంటాయి. జాగ్రత్తగా చేస్తే వాటిని కూడా కాపాడవచ్చును. ప్రేగును తిరిగి కలిపే స్టేప్లర్ పరికరం కూడా తోడు కావడంతో అనేకులకు శాశ్వతమైన సంచి అవసరం తప్పింది.

శస్త్రచికిత్సకు ముందే చికిత్స

తరువాతి ప్రశ్న రేడియేషన్‌ను గురించినది. నెదర్లాండ్స్‌లో 1,861 మంది రోగులపై జరిగిన పరిశోధన 2001లో వెలువడింది. హీల్డ్ పద్ధతిలో శస్త్రచికిత్స మాత్రమే జరిగినవారిలో రెండేళ్లలో అదే చోట వ్యాధి తిరగబెట్టినది 8.2 శాతం. ముందుగా అయిదు రోజులు రేడియేషన్ ఇచ్చినవారిలో అది 2.4 శాతమే. శస్త్రచికిత్స తరువాత కంటే ముందే రేడియేషన్, కీమోథెరపీ ఇవ్వడం మేలని 2004లో జర్మన్ పరిశోధకులు నిర్ధారించారు.

అయితే రేడియేషన్ వలన కూడా కొన్ని చిరకాల ఇబ్బందులు ఉన్నాయి. అందుచేత అది అందరికీ అవసరమా అన్న ప్రశ్న తలెత్తింది. ఎంపిక చేసిన కొందరు రోగులకు రేడియేషన్ లేకుండా కీమోథెరపీతోనే సరిపెట్టవచ్చునని, ఫలితంలో లోటు ఉండదని 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తెలిపింది.

కోత లేకుండా కాపలా

బ్రెజిల్ దేశపు సావోపాలో నగరంలో డాక్టర్ ఏంజెలీటా హాబ్ర్-గామా మరొక ప్రశ్న వేసింది. రేడియేషన్, కీమోథెరపీల తరువాత కొందరిలో గడ్డ పూర్తిగా కరిగిపోతున్నది. గడ్డే లేనప్పుడు ప్రేగును కోయడం దేనికి? 2004లో ఆమె ప్రకటించిన అనుభవంలో 265 మంది రోగులకు గాను 71 మందిలో గడ్డ ఆనవాలు కనబడలేదు. వారికి శస్త్రచికిత్స చేయకుండా నిశితంగా పరిశీలిస్తూ వచ్చారు. మొదట అనేకులు దీనిని దుస్సాహసంగా భావించారు. అనంతరం వివిధ దేశాల నుండి 880 మంది వివరాలను క్రోడీకరించి 2018లో ప్రచురించారు. రెండేళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి గడ్డ మళ్లీ కనిపించింది. అయితే అది దాదాపు ఎల్లప్పుడూ ప్రేగు గోడలోనే ఉండడం వలన కనిపెట్టడం సాధ్యమైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇది వైద్యుల కాపలాలో, క్రమం తప్పని ఎండోస్కోపీ, ఎం.ఆర్.ఐ. పరీక్షలతో నడిచే చికిత్స. కాస్త నయమనిపించగానే రోగి తనంత తానుగా ఆసుపత్రికి వెళ్లడం మానుకోవడం ఇది కాదు.

2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం నుండి మరొక ఆశాజనకమైన వార్త వచ్చింది. ఒక ప్రత్యేక జన్యు లోపం గల పురీషనాళ క్యాన్సర్ రోగులకు శరీరంలోని రోగనిరోధక శక్తిని మేల్కొలిపే డోస్టార్లిమాబ్ అనే మందును ఆరు నెలల పాటు ఇచ్చారు. చికిత్స ముగించిన మొదటి 12 మందిలోను గడ్డ అదృశ్యమైంది. 2025 నాటికి ఆ సంఖ్య 49కి చేరింది. 49 మందిలోను అదే ఫలితం. అయితే ఈ జన్యు లోపం పురీషనాళ క్యాన్సర్ రోగులలో నూటికి అయిదు నుండి పది మందిలోనే ఉంటుంది. మందు ధర కూడా సామాన్యులకు అందుబాటులో లేదు. అయినా గడ్డ నుండి తీసిన ముక్కపై ఈ లోపానికి పరీక్ష జరిగిందా అని వైద్యుని అడగడం రోగి హక్కు.

నడక విలువ

మరొక పరిశోధన మనందరికీ అందుబాటులో ఉన్న ఔషధాన్ని గురించినది. పెద్దప్రేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ పూర్తయిన 889 మందిని రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. రెండవ జట్టుచేత మూడేళ్లు శిక్షకుల సహాయంతో క్రమబద్ధంగా వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకు జీవించి ఉన్నవారు మొదటి జట్టులో 83 శాతం కాగా, రెండవ జట్టులో 90 శాతం. ఈ ఫలితాలు 2025లో వెలువడ్డాయి. చాలామంది ఎంచుకున్నది చురుకైన నడక వంటి సాధారణ వ్యాయామమే.

మనం చేయవలసినది

ఈ క్యాన్సర్ చాలావరకు ప్రేగు లోపలి పొరపై మొలిచే పాలిప్ అనే చిన్న పిలకగా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల వరకు పడుతుంది. ఆలోగా కొలనోస్కోపీలో కనబడితే అప్పటికప్పుడే తీసివేయవచ్చును. మన దేశంలో ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షల పథకం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఉద్దేశించినది. ప్రేగు విషయంలో మన జాగ్రత్త మనదే.

మలంలో రక్తం, కొన్ని వారాలుగా మల విసర్జన తీరులో మార్పు, వెళ్లి వచ్చినా ఇంకా మిగిలి ఉన్నట్లు అనిపించడం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం - వీటిలో ఏది కనిపించినా వెంటనే వైద్యుని సంప్రదించాలి. మొలలు ఉన్నవారికి క్యాన్సర్ రాదన్న నియమం లేదు. అందుచేత వేలితో చేసే పరీక్ష జరగకుండా "మొలలు" అన్న నిర్ణయానికి రావడం సరికాదు. ఆ పరీక్షకు పట్టేది ఒకటి రెండు నిమిషాలే. తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని ఈ వ్యాధి వచ్చి ఉంటే నలభై ఏళ్లకే, లేదా వారికి వ్యాధి బయటపడిన వయస్సుకు పదేళ్లు ముందుగానే కొలనోస్కోపీ గురించి వైద్యునితో మాట్లాడాలి.

యంత్రంలో నూనె కారితే షిఫ్టు ముగిసేలోగా లాగ్‌బుక్కులో వ్రాస్తాము. మన దేహం ఇచ్చే హెచ్చరికను మాత్రం నెలల తరబడి దాచిపెడతాము. ఇంటిల్లిపాదీ ఈ విషయాన్ని సంకోచం లేకుండా మాట్లాడుకోగలిగిన నాడు, ఇన్నేళ్ల పరిశోధనల ఫలం మన గడపకు కూడా చేరుతుంది.