హైదరాబాద్‌లో మనకు ఇల్లు ఎందుకు అందట్లేదు? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కుటుంబాల లెక్క

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి చదువుకోసమో ఉద్యోగం కోసమో హైదరాబాద్ వచ్చి, పదిహేనేళ్ళుగా అద్దె ఇళ్ళల్లోనే ఉన్నవాళ్ళు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఇద్దరం సంపాదిస్తున్నం, అయినా ఫ్లాటు ఎందుకు కొనలేకపోతున్నం?" ఈ రోజు దాని లెక్క చూద్దాం.

ఎల్బీ నగర్ వైపు అద్దెకుండే ఒక కుటుంబం అనుకోండి. భార్యాభర్తలిద్దరివీ కలిపి చేతికొచ్చేది నెలకు 90 వేలు. ఇంకా కడుతున్న ఫ్లాటు, ధర 75 లక్షలు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్ అయితే, ఇంటి విలువలో 80 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలు. అంటే 60 లక్షలు లోను, మిగిలిన 15 లక్షలు మన జేబులోంచే.

అక్కడితో అయిపోలేదండి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 2021 జులై దాకా 6 శాతం, అప్పట్నుంచి 7.5 శాతం. ఇది 5,62,500 రూపాయలు. కట్టడం పూర్తికాని ఫ్లాటు కాబట్టి 5 శాతం జీఎస్టీ, అది 3,75,000. మొత్తం చేతిలో ఉండాల్సింది 24 లక్షల పైనే. అది కూడబెట్టేలోపు ధర ఇంకో మెట్టు ఎక్కి కూర్చుంటుంది.

సరే, ఎట్లనో సర్దినం అనుకుందాం. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు 60 లక్షల ఈఎంఐ సుమారు 52 వేలు. మొత్తం కట్టేది దాదాపు కోటీ పాతిక లక్షలు. బ్యాంకులు సాధారణంగా జీతంలో సగం దగ్గర ఆగిపోతాయి. 90 వేల జీతానికి 52 వేలంటే సగం దాటిపోయింది. పిల్లల ఫీజులు, ఊర్లో అమ్మానాన్నల మందుల ఖర్చు ఇంకా లెక్కలోకే రాలేదు.

మరి ధర అంత ఎందుకుంది? అసలు బరువు భూమిది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం అత్యధికంగా 100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం 2 లక్షల పైమాటే! వేలంలో కొన్నది ఒకరే, కానీ ఆ వార్త చూసిన చుట్టుపక్కల భూమి యజమానులంతా రేటు సవరించుకుంటారు. పైగా హైదరాబాద్‌లో 2006 నుంచి, రోడ్డు వెడల్పు లాంటి షరతులకు లోబడి, ఎన్ని అంతస్తులైనా వేసుకునే వీలుంది. అంతస్తులు పెరిగితే ఫ్లాటు చౌకవ్వాలి కదా అనుకుంటాం. కానీ ఎన్ని అంతస్తులు లేస్తాయో లెక్కగట్టి, ఆ లాభాన్ని భూమి ధరలోనే ముందే కలిపేస్తారు.

అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తున్నారు? కొందరు షాద్‌నగర్, కల్వకుర్తి రోడ్డు వైపు దూరంగా ప్లాటు కొంటున్నారు. కొందరు సొంతూర్లో ఇల్లు కట్టి, నగరంలో అద్దెకే ఉంటున్నారు. 2016 అక్టోబర్‌లో ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఊరిమీద ఆశ పెరిగింది, నిజమే. కానీ నగరం డబ్బు ఊర్లోకి వస్తే అక్కడి ప్లాట్ల రేట్లూ లేస్తాయి. అప్పుడు ఇబ్బంది పడేది ఊర్లోనే చిన్న జీతానికి పనిచేసే టీచరు, నర్సు, దుకాణంలో గుమాస్తా. మనకు నగరంలో జరిగిందే వాళ్ళకు ఊర్లో జరుగుతుంది.

నా మాట ఏంటంటే, ఈఎంఐ జీతంలో మూడో వంతు దాటితే కొనకండి. అద్దెకుండటం పరువు తక్కువ పనేం కాదు. అద్దెకూ ఈఎంఐకీ మధ్య తేడాను ప్రతినెలా పక్కన పెట్టగలిగితే, అదీ ఆస్తే. తక్కువకొస్తుందని ప్రీలాంచ్ ఆఫర్లకు మాత్రం డబ్బు కట్టకండి. 500 చదరపు మీటర్ల స్థలం గానీ, 8 యూనిట్లు గానీ దాటిన ప్రాజెక్టును రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడమే చట్టవిరుద్ధం. నంబరు అడగండి, రెరా వెబ్‌సైట్లో మీరే చూసుకోండి. ప్లాటైతే లేఅవుట్ అనుమతి కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఎందుకంటే ఆ డబ్బు చాలా ఇళ్ళల్లో ఊర్లో పొలం అమ్మితే వచ్చినది. ఒకసారి పోతే మళ్ళీ రాదు.