నొప్పికి ఎంత శాతం?

సదరం శిబిరంలో డాక్టరు ఎదుట కూర్చున్న మనిషికి చెప్పుకోవాల్సింది చాలానే ఉంటుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ, పది నిమిషాలు నిలబడితే నడుం పట్టేస్తోందనీ, నీళ్ల బిందె ఎత్తి ఏడాది దాటిందనీ... డాక్టరు వింటారు. ఆ తర్వాత వంగమంటారు, కాలు చాచమంటారు. కీలు ఎంతవరకూ తిరుగుతోందో కొలుస్తారు, ఎక్స్‌రే చూస్తారు. చివరికి సర్టిఫికెట్ మీద మిగిలేది ఒక అంకె. అది 40కి చేరితే పింఛనుకు దారి దొరుకుతుంది. చేరకపోతే ఎంత బాధ ఉన్నా వట్టి చేతులతో ఇంటికే!

ఏళ్ల తరబడి నడుంనొప్పితో, కీళ్లవాతంతో, నరాల మంటతో పనికి దూరమైనవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. కూలి పోయిన ఇంట్లో ఆ డబ్బు మందులకో బియ్యానికో అక్కరకొస్తుంది. అందుకే ఆ అంకె కోసం అంత ఆరాటం.

జాబితాలో పేరు లేదు

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాల్నే గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, తలసేమియా, యాసిడ్ దాడి బాధితులు... ఇలా కొత్తగా చాలామందికి చోటు దక్కింది. దీర్ఘకాలిక నొప్పికి మాత్రం దక్కలేదు. ఒళ్లంతా నొప్పులతో సతాయించే ఫైబ్రోమయాల్జియా అందులో లేదు. వేళ్లు వంకర్లు పోయేలా చేసే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ పేరు కూడా కనిపించదు. కాబట్టి ఇలాంటివాళ్లంతా 'చలన వైకల్యం' అన్న తలుపే తట్టాలి. అక్కడ లెక్కకొచ్చేది నొప్పి కాదు, ఆ నొప్పి వల్ల ఒంట్లో కనిపించే మార్పు.

వెన్నెముక జబ్బులకు కేంద్రం 2001లో ఇచ్చిన మార్గదర్శకాలు చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. రోగి నొప్పి అంటున్నాడు కానీ కండరాలు బిగుసుకోలేదు, పరీక్షల్లో లోపమేదీ బయటపడలేదు అనుకోండి, వైకల్యం సున్నా శాతం. నొప్పితోపాటు కండరాలు బిగుసుకుపోయి, వెన్ను బిర్రబిగిసి, ఎక్స్‌రేలో కొద్దిపాటి తేడా కనిపిస్తే 20 శాతం. తీవ్రమైన మార్పులు వెన్నెముక మొత్తానికీ పాకితేనే 40. అంటే వెన్ను పొడవునా దెబ్బతింటే తప్ప పింఛను గీత అందదన్నమాట! 2018లో, మళ్లీ 2024లో మార్గదర్శకాలను సవరించారు. అయినా చలన వైకల్యం అంచనాకు కీలు కదలిక, కండరాల బలం, కనిపించే లోపమే ఆధారం.

వైద్యశాస్త్రం మాత్రం ఆ సున్నా దగ్గర ఆగిపోలేదు. గాయం మానిపోయినా నరాలూ వెన్నుపామూ మెదడూ నొప్పి సంకేతాల్ని పెంచి చూపిస్తూనే ఉండొచ్చని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. అలాంటి నొప్పి ఎక్స్‌రేకి అందదు, ఎమ్మారైలోనూ చిక్కకపోవచ్చు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేకంగా ఓ కోడ్ కేటాయించింది. నొప్పి మూణ్నెల్లకు మించి ఉంటే దీర్ఘకాలికమే. ఆసుపత్రి చీటీలో జబ్బుగా నమోదైన బాధకే వైకల్యం లెక్కలో చోటు లేకపోవడం విడ్డూరమే.

అలాగని డాక్టర్లను తప్పుపట్టలేం. అన్నీ సరిగ్గా ఉన్నవాళ్లు కూడా సర్టిఫికెట్లు సంపాదించారన్న ఆరోపణలు ఏటా వినిపిస్తాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించినప్పుడు శాతం తగ్గి నోటీసులు అందుకున్నవారెందరో. అనుమానం పెరిగినకొద్దీ కొలవగలిగినదానికే విలువ పెరుగుతుంది. నొప్పిని చూపించే మీటరు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు.

నల్గొండ నొప్పులు, మన్యం పోటు

ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్గొండ పల్లెల్లో ఈ ఇబ్బంది మరోలా ఉంటుంది. ఎముకల ఫ్లోరోసిస్ మొదట్లో కీళ్లనొప్పులూ బిగుతుగానే మొదలవుతుంది. నడుం వంగిపోవడం, కాళ్లు వంకరపోవడం ఆ తర్వాతి సంగతి. వంకర వచ్చినవాళ్లకు శాతం పడుతుంది. ఇంకా నొప్పి దశలోనే ఉన్నవాళ్లు పనికి వెళ్లలేకపోయినా జాబితాకు దూరమే.

సికిల్‌సెల్ రోగుల సంగతి కాస్త నయం. మన్యంలోనూ ఆదిలాబాద్ అడవుల్లోనూ కనిపించే ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడొచ్చే పోటు భరించలేనిది. 2016 చట్టంలో ఈ జబ్బు పేరు నేరుగా చేర్చడంతో కాలో చెయ్యో వంగిందని చూపించాల్సిన అవసరం తప్పింది. ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి వీళ్లకు నెలకు 10,000 పింఛను మొదలుపెట్టింది. పేరు జాబితాలోకి ఎక్కితే ఎంత తేడా వస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అమెరికాలోనూ నొప్పి ఉందన్న మాట ఒక్కటే సరిపోదు, అందుకు కారణమయ్యే జబ్బు వైద్యపరంగా తేలాలని 1984 చట్టం చెప్పింది. కాకపోతే అక్కడ జబ్బు తేలాక అడిగే ప్రశ్నలు వేరు. రోజులో ఎన్ని గంటలు కూర్చోగలరు, ఎంత బరువు ఎత్తగలరు, నెలకు ఎన్నిరోజులు పని మానాల్సివస్తోంది... ఇలా పనిచేసే శక్తిని లెక్కేస్తారు. ఫైబ్రోమయాల్జియాను ఎలా పరిశీలించాలో చెబుతూ 2012లో విడిగా ఉత్తర్వే ఇచ్చారు. మన శిబిరాల్లో కూలి మనిషిని ఈ ప్రశ్న అడిగితే జవాబు చాలా తేలిగ్గా దొరుకుతుంది.

వెళ్లేముందు...

నిబంధనలు మారేదాకా ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. నొప్పి ఎంతుందన్నది కాకుండా అది దేన్ని ఆపేసిందో చెప్పడం మేలు. 'చాలా బాధగా ఉంది' అనే బదులు 'చెయ్యి భుజం దాటి లేవడం లేదు, నేల మీద కూర్చుంటే పట్టుకోనిదే లేవలేను' అంటే డాక్టరుకు పరీక్షించేందుకు ఓ ఆధారం దొరుకుతుంది. ఒకే ఆసుపత్రిలో ఏళ్లుగా చూపించుకున్న చీటీలన్నీ తేదీలవారీగా పెట్టుకోవాలి. తిమ్మిర్లూ బలహీనతా ఉంటే నరాల పరీక్ష రిపోర్టు, కీళ్లవాతమైతే రక్తపరీక్షలూ వేళ్ల ఎక్స్‌రేలూ వెంట ఉండాలి. లేనిది కల్పించి చెబితే మొదటికే మోసం. కుర్చీలోంచి లేచే తీరూ గదిలోంచి నడిచివెళ్లే తీరూ కూడా డాక్టర్ల కంట పడతాయి.

అర్హత లేదని తేలితే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టంలోని 58వ సెక్షన్ చెబుతోంది. నిర్ణయం నచ్చకపోతే 59వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లొచ్చు. చాలామంది ఆ కాగితం అడక్కుండానే బస్సెక్కేస్తారు. అది చేతిలో ఉంటే అప్పీలులో దేన్ని ప్రశ్నించాలో తెలుస్తుంది.